‘ఐదేళ్ల తర్వాత ఎక్కడుంటావ్?’ అంటే మా పాప బిగుసుకుపోయింది

ప్రశ్న: మాది గుంతకల్లు, హార్డ్‌వేర్ షాపు నడుపుతున్నాను. మా పాప అనంతపురంలో బీకాం ఆఖరి సంవత్సరం చదువుతోంది. మార్కులు బాగానే వస్తాయి. ఈ మధ్య కాలేజీలో మాక్ ఇంటర్వ్యూ పెట్టి, ఐదేళ్ల తర్వాత ఎక్కడుంటావని ఇంగ్లిష్‌లో అడిగితే ఒక్క ముక్క మాట్లాడలేకపోయిందట. ‘విల్’ పెట్టాలో ‘గోయింగ్ టు’ పెట్టాలో తెలియక ఆగిపోయానంటోంది. పదో తరగతి దాకా తెలుగు మీడియం. హైదరాబాదులో మూడు నెలల స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సు, విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌తో కలిపి 40,000 అంటున్నారు. అక్కడికి పంపి తర్వాత విదేశానికి పంపితే మంచిదా, ఇక్కడే ఉంచి బ్యాంకు కోచింగ్ ఇప్పిస్తే మంచిదా? రెండేళ్లలో పెళ్లి కూడా చేయాలి. పోల్చి చెప్పండి. 20 ఏళ్లు వచ్చాయి, ఇప్పుడు మొదలుపెడితే ఇంగ్లిష్ వస్తుందా?

జవాబు: వస్తుంది. ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండి. ఈ ప్రశ్న దగ్గర బిగుసుకుపోయిన పిల్లలు ప్రతి ఏడాదీ నా దగ్గరికి వస్తుంటారు. వాళ్లలో ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియంలో చదివినవాళ్లూ ఉంటారు. ‘నీ గురించి చెప్పు’ అంటే బట్టీ పట్టిందైనా అప్పజెబుతారు. ముందు ఏం చేస్తావంటేనే గొంతు పెగలదు.

గ్రామర్ సంగతి ముందు తేల్చేద్దాం, మీ పాప భయంలో కొంత నిజం ఉంది కాబట్టి. ఫ్యూచర్ అంటే ‘విల్’ అని ఆమెకు ఎవరో ఫార్ములా నేర్పారు. పన్నెండు టెన్సుల పట్టిక గోడకు అంటించుకుని చదివిన పిల్లలందరికీ ఇదే తంటా. నిజానికి ఇంగ్లిష్ క్రియకు భవిష్యత్తు కోసమంటూ వేరే రూపం లేదు. ‘గో’ గతానికి వస్తే ‘వెంట్’ అవుతుంది, రేపటికి మాత్రం ‘గో’గానే ఉండిపోతుంది. అందుకే చాలామంది భాషావేత్తలు ఇంగ్లిష్‌కు ఫ్యూచర్ టెన్సే లేదంటారు. ‘విల్’ను ‘కెన్’, ‘మే’, ‘మస్ట్’ వరసలో పెడతారు. రేపటి గురించి మాట్లాడటానికి అక్కడున్న దారులు అరడజనుకు పైనే. ఏ దారి పట్టాలో తేల్చేది తారీఖు కాదు. ఆ పని ఎంతవరకు ఖాయమైంది, ఎప్పుడు అనుకున్నది అన్నదే ముఖ్యం.

మీ పాప విషయంలోనే చూడండి. కంప్యూటర్లో ఖాతాలు రాయడం నేర్పే ట్యాలీ క్లాసుకు ఫీజు కట్టేసింది, సోమవారం చేరాలి అనుకుందాం. ‘ఐ యామ్ జాయినింగ్ ఎ ట్యాలీ క్లాస్ ఆన్ మండే’ అంటే చాలు. మనం ‘సోమవారం చేరుతున్నాను’ అనమా, అంతే. బ్యాంకు పరీక్షలకు చదవాలని ఎప్పుడో అనేసుకుంది, ఇంకా పుస్తకం కొనలేదు. అప్పుడు ‘ఐ యామ్ గోయింగ్ టు ప్రిపేర్ ఫర్ బ్యాంక్ ఎగ్జామ్స్’. ఇంటర్వ్యూలో ఒకాయన ‘మా బ్రాంచి కర్నూల్లో ఉంది, చేరతావా?’ అని ఉన్నట్టుండి అడిగాడు, ఈమె అక్కడికక్కడే సరేననుకుంది. అప్పుడు ‘యస్, ఐ విల్’. మాట ఇచ్చేటప్పుడూ, అప్పటికప్పుడు నిర్ణయం చెప్పేటప్పుడూ, ఇలా జరగొచ్చని అంచనా వేసేటప్పుడూ ‘విల్’ పనికొస్తుంది. టైంటేబుల్ ప్రకారం జరిగేవాటికి ఏమీ తగిలించక్కర్లేదు: ‘ద ట్రైన్ లీవ్స్ ఎట్ సిక్స్ టుమారో’. గుంతకల్లు జంక్షన్ పక్కన పెరిగిన పిల్లకు దీన్ని ప్రత్యేకంగా నేర్పాలా!

కళ్లెదుట ఆనవాలు కనిపిస్తే ‘గోయింగ్ టు’ అనాలని గ్రామర్ పుస్తకాలు నల్లమబ్బు బొమ్మ వేసి, కింద ‘ఇట్ ఈజ్ గోయింగ్ టు రెయిన్’ అని రాస్తాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే మన జిల్లాలో మబ్బును చూసి అంత ధైర్యం ఎవరు చేస్తారు? మనకు ‘ఇట్ మైట్ రెయిన్’ చాలు. నవ్వులాటకు అన్నా, మీ పాపకు కావలసింది ఇందులోనే ఉంది. ‘విల్’ ఒక్కటే తెలిసిన పిల్ల ఐదేళ్ల ప్రశ్నకు ‘ఐ విల్ బీ ఎ మేనేజర్’ అనాలి. అది జోస్యం చెప్పినట్టుంటుందని ఆమెకు తెలుసు, అందుకే నోరు రాదు. ‘ఐ హోప్ టు’, ‘ఐ యామ్ ప్లానింగ్ టు’, ‘ఐ వుడ్ లైక్ టు’ అలవాటైతే ఉన్నదున్నట్టు చెప్పొచ్చు. ‘ఐ యామ్ ప్లానింగ్ టు వర్క్ ఇన్ అకౌంట్స్, అండ్ ఐ హోప్ టు ఫినిష్ సీఎంఏ బై దెన్’ (సీఎంఏ అంటే కాస్ట్ అకౌంటెంట్ కోర్సు) అంటే అడిగినవాళ్లు తృప్తిపడతారు. ఐదేళ్లు గడిచాక వచ్చి లెక్క అడగరు.

దిద్దుకోవాల్సిన తప్పు ఒకటుంది. ‘వెన్ ఐ విల్ కంప్లీట్ మై డిగ్రీ’, ‘ఇఫ్ ఐ విల్ గెట్ ద జాబ్’ అంటుంటారు పిల్లలు. ఇలాంటి వాక్యాల్లో వెన్, ఇఫ్, ఆఫ్టర్, అంటిల్ ఉన్న ముక్కలో ‘విల్’ రాదు. ‘వెన్ ఐ కంప్లీట్ మై డిగ్రీ, ఐ విల్ అప్లై’ అనాలి. తెలుగు మీడియం వల్ల ఈ తప్పు వస్తుందంటారు, నేనొప్పుకోను. మనం ‘డిగ్రీ అయ్యాక’, ‘ఉద్యోగం వస్తే’ అంటాం. ఆ మాటల్లో భవిష్యత్ రూపం ఎక్కడుంది? ఫ్యూచర్ కనబడితే ‘విల్’ తగిలించమన్న ఫార్ములాయే ఈ తప్పు నేర్పింది. ‘షల్’ గురించి బెంగ వద్దు, ‘షల్ వీ స్టార్ట్?’ అనడం వస్తే సరిపోతుంది. ‘విల్ హ్యావ్ బీన్ వర్కింగ్’ లాంటివి పరీక్ష పేపర్లో గుర్తుపడితే చాలు.

ఇదంతా మూడు నెలలు హాస్టల్లో ఉండి నేర్చుకునేంత లేదని మీకే అర్థమై ఉంటుంది.

ఇక మీ సంగతి. మీరు రాసింది ఇంకోసారి చదవండి. బ్యాంకు, విదేశం, పెళ్లి అని ఒక్క పిల్లకు మూడు భవిష్యత్తులు రాశారు. అందులో ఆమె నోటి మాటగా ఉన్నది ‘ఆగిపోయాను’ ఒక్కటే. ఇంట్లో, తెలుగులో, ఏం చేద్దామనుకుంటున్నావని ఎవరైనా ఆమెను అడిగారా? నా ఎదురుగా కూర్చున్న పిల్లను ‘ఏమ్మా, నీకేం ఇష్టం?’ అంటే పక్కనున్న నాన్న ‘బ్యాంకు సార్’ అంటాడు. ఈ మాటకు మీకు కోపం వస్తే రానివ్వండి. తెలుగులో ఎన్నడూ చెప్పి ఎరగని సంగతిని ఇంగ్లిష్‌లో, కొత్తవాళ్ల ముందు, ఒక్క నిమిషంలో చెప్పమంటే ఎవరు చెప్పగలరు? ఐదేళ్ల తర్వాత మీ షాపు ఎలా ఉంటుందని మిమ్మల్ని అడిగితే తడుముకోకుండా చెబుతారా? ఆమె ఆగిపోవడంలో గ్రామర్ వాటా కొంతే, మీ వాటా ఎక్కువ.

హైదరాబాదు కోర్సు మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. ఐఈఎల్‌టీఎస్ స్కోరు సాధారణంగా రెండేళ్లే చెల్లుతుంది. వెళ్తుందో లేదో తేలని పిల్లకు ఇప్పుడే రాయిస్తే, మీ లెక్క ప్రకారం పెళ్లినాటికి అది చిత్తు కాగితం. పోనీ గ్రామర్ కోసమా అంటే, స్పీకింగ్ పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు, అందులో గ్రామర్‌ది నాలుగో వంతు. ధారాళంగా మాట్లాడటం, పదాలు, ఉచ్చారణ మిగతా మూడు వంతులు. విదేశమంటారా, మూడేళ్ల బీకాంతో నేరుగా మాస్టర్స్‌లో చేర్చుకోని యూనివర్సిటీలు అమెరికాలో చాలా ఉన్నాయి, నాలుగేళ్ల డిగ్రీ అడుగుతాయి. ఆ సంగతి చెప్పకుండా ముందు ఫీజు కట్టించుకునే సెంటర్లున్నాయి. వీసా వచ్చినవాళ్ల ఫోటోలు ఫ్లెక్సీ మీద వేస్తారు. ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన లోను ఇంకా కడుతున్నవాళ్లకు ఫ్లెక్సీ ఎవరూ కట్టరు. వెళ్లొద్దని నేననడం లేదు. ఏ దేశం, ఏ కోర్సు, తిరిగి ఎలా కడతాం అన్నవి ఆ పిల్లే లెక్కవేసి చెప్పగలిగిన రోజున వెళ్లాలి. స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసు కావాలనుకుంటే డబ్బు కట్టకముందు ఒక గంట ఆ క్లాసులో కూర్చోండి. మాస్టారు ఎంతసేపు మాట్లాడుతున్నాడు, ఒక్కో పిల్ల ఎంతసేపు మాట్లాడుతోంది అన్నది చూస్తే తెలిసిపోతుంది.

పోల్చమన్నారు కాబట్టి రెండు ముక్కలు. ఇప్పటికి అనంతపురంలోనే ఉండి డిగ్రీ పూర్తి చేయడం మేలు. బ్యాంకు వైపు ఆమెకు మనసుంటే, క్లర్కు పోస్టులకు ఇంటర్వ్యూ ఉండదు, పీఓకు, అంటే ప్రొబేషనరీ ఆఫీసర్ పోస్టుకు, ఉంటుంది. క్లర్కుకు స్థానిక భాష చదవడం, రాయడం రావాలి, తెలుగు మీడియం అక్కడ అడ్డం రాదు.

20 ఏళ్లకు భాష వస్తుందా అన్నారు. సి.పి. బ్రౌన్ ఇరవై దాటాక 1820లో కడపకు వచ్చాడు. మద్రాసులో మొదలుపెట్టిన తెలుగును ఇక్కడ గట్టిపరుచుకుని 1840 నాటికి తెలుగుకు గ్రామరే రాశాడు. పండితులను పెట్టుకుని నేర్చుకున్నాడు. మీ పాపకు అంత అక్కర్లేదు, ఒక ఇంటర్వ్యూ గట్టెక్కితే చాలు. రోజూ రాత్రి రేపటి గురించి అరడజను వాక్యాలు పైకి చెప్పమనండి. ఫీజు కట్టినవి ఒక రకం, అనుకున్నవి ఒక రకం, ఆశపడుతున్నవి ఇంకో రకం. తప్పు దొర్లితే మధ్యలో ఆపొద్దు.

దానికి ముందు ఒక ఆదివారం షాపు మూసి, ఆమెకు ఏం చేయాలనుందో తెలుగులోనే అడగండి. వెంటనే జవాబు రాకపోతే మీరు అందించకండి. ఆ జవాబు మీకు నచ్చకపోతే ఇద్దరూ కలిసి రండి, మాట్లాడుకుందాం. పెళ్లి సంగతి కూడా అప్పుడే, ఆమె ముందే.