వానాకాలంలో గుర్రానికి ట్రైనింగ్ ఆగిపోతోంది, ఏం చేయాలి?

మీ గుర్రం ఐదేళ్ల మార్వాడీ జాతిది, షెడ్డు వరంగల్ శివారులో, చుట్టూ నల్లరేగడి నేల. జులై వానలు పట్టుకున్నాక వారంలో రెండు రోజులు కూడా ఎక్కడం కుదరట్లేదు, ఎక్కిన రోజు అది ఎగిరెగిరి పడుతోంది, నేర్పిందంతా మర్చిపోతోందేమో అని రాశారు. హైదరాబాద్ శివార్లలో కొన్నేళ్లుగా గుర్రాన్ని చూసుకుంటున్నాను కాబట్టి, నాకు పనికొచ్చినవి చెబుతాను.

ముందు టెన్షన్ వదిలేయండి. గుర్రం నేర్చుకున్నది అంత తొందరగా మర్చిపోదు. రోజూ పనిచేసే గుర్రానికి రెండు వారాలు విరామం వచ్చినా దమ్ము పెద్దగా తగ్గదు. అది ఎగురుతోందంటే ఒంట్లో ఖర్చుకాని బలం ఉందన్నమాట. అందుకే మొదట చూడాల్సింది దాణా.

పని లేని రోజు ఉలవలు, ఓట్స్ లాంటి గింజల దాణా సగానికి తగ్గించండి. కదలకుండా షెడ్డులోనే నిలబడే రోజైతే ఇంకా తగ్గించొచ్చు. గడ్డి మాత్రం తగ్గించకండి, 350 కిలోల గుర్రానికి రోజుకు 5 నుంచి 7 కిలోల ఎండుగడ్డి పడాలి. వెనకటికి బండి గుర్రాలకు ఆదివారం సెలవిచ్చి దాణా మాత్రం మామూలుగానే పెట్టేవాళ్లు. సోమవారం బండికి కట్టగానే వెనక కండరాలు బిగుసుకుపోయి కొన్ని అక్కడే కూలబడేవి. ఇప్పటికీ ఇది జరుగుతుంది. పని మొదలైన కాసేపటికే గుర్రానికి చెమటలు పట్టి, వెనక కాళ్లు కర్రల్లా బిగిసి, మూత్రం కాఫీ రంగులో వస్తే ఒక్క అడుగు కూడా నడిపించకండి, వెంటనే డాక్టర్ని పిలవండి. అలాగే వానల్లో గడ్డికి బూజు పడుతుంది. వాసన చూసి అనుమానం వస్తే పారేయండి, కడుపునొప్పితో పోల్చుకుంటే గడ్డి నష్టం ఏపాటిది!

ఇక పని. నల్లరేగడి తడిసిందంటే దానిమీద ట్రాట్ (నడకకన్నా వేగమైన చిన్న పరుగు) కూడా వద్దు. కాలు జారుతుంది, బురద లాడాన్ని పీకేస్తుంది, కాలి వెనక స్నాయువు (టెండన్) సాగిందంటే నెలల తరబడి కోలుకోదు. హైదరాబాద్ మలక్‌పేట రేస్‌కోర్సులో వర్షాకాలంలో కూడా రేసులు జరుగుతాయి కదా అని కొందరు అడుగుతారు. అక్కడ ట్రాకును అందుకోసమే తయారుచేసి, రోజూ చూసుకునే మనుషులుంటారు. మన పొలం గట్టు అలాంటిది కాదు.

ఎక్కలేని రోజు షెడ్డులోనే పావుగంట, ఇరవై నిమిషాలు నేలమీద నిలబడి పని చేయించండి. డొక్క మీద వేళ్లతో చిన్నగా నొక్కితే వెనక కాళ్లు పక్కకు వేయాలి. ఛాతీ మీద చెయ్యి పెడితే తిన్నగా వెనక్కి నడవాలి. తల రెండు వైపులా మెత్తగా తిప్పాలి. నాలుగు వెదురు బొంగులు నేలమీద పరిచి, వాటి మధ్య ఒక్కో అడుగూ చూసుకుని వేసేలా నడిపించండి. చూడ్డానికి ఇది చిన్న పనే, కానీ రేపు జీను మీద కూర్చుని మడమతో అడగబోయేది ఇదే. నాకైతే వానాకాలంలో చేసిన ఈ పని వల్లే గుర్రం నోరు మెత్తబడింది, అంటే కళ్లెం కొంచెం కదిపినా వింటోంది. వాన వల్ల ఒక మేలు కూడా ఉంది: రేకుల మీద చప్పుడు, రెయిన్‌కోటు గరగర, గొడుగు తెరవడం, టార్పాలిన్ ఎగరడం, ఇవన్నీ దగ్గరుండి అలవాటు చేయడానికి ఇంతకన్నా మంచి సమయం దొరకదు. పిడుగులు పడుతుంటే మాత్రం బయటికి తీయకండి, చెట్టు కింద అసలే కట్టకండి.

తెరిపి ఇచ్చిన రోజు వెంటనే ఎక్కొద్దు. పొడవాటి తాడుతో రెండు వైపులా కాసేపు తిప్పి, వీపు వదులై, తల దించి, ముక్కుతో గట్టిగా ఊపిరి వదిలాకే ఎక్కండి. చిన్న వలయాల్లో ఎక్కువసేపు తిప్పితే కీళ్లకు మంచిది కాదు. ఆ రోజు కొత్త పాఠం పెట్టుకోకండి, నడక, కొంచెం ట్రాట్ చాలు. తారు రోడ్డు తడిగా ఉంటే ఇనుప లాడాలు జారతాయి, కాబట్టి అక్కడ నడకే.

వీలైతే ఎత్తుగా ఉన్న చోట గుర్రంతో పని చేయించడానికి ఒక చిన్న నేల ముక్క తయారు చేసుకోండి. నీళ్లు పోయేలా కొంచెం వాలు పెట్టి, కింద గట్టి పొర వేసి, పైన మూడు నాలుగు అంగుళాల ఇసుక పోస్తే చాలు. ఇసుక లోతైతే కాళ్ల స్నాయువుల మీద భారం పడుతుంది.

రోజూ రెండు పూటలా గిట్టలు శుభ్రం చేయించండి. అడుగున మధ్యలో ఉండే మెత్తటి భాగం పక్కనున్న గాడుల్లో నల్లటి జిగురు, కుళ్లు వాసన ఉంటే తడి వల్ల పాడవుతోందని అర్థం. కింద పరిచిన వరిపొట్టు తడిసిన చోటల్లా మార్చండి. తడిసిన వీపు మీద జీను వేయకండి.

చివరగా జోరీగలు. ఈ కాలంలో అవి సర్రా అనే రక్తపు జబ్బును మోసుకొస్తాయి. వచ్చిపోయే జ్వరం, తిన్నా చిక్కిపోవడం, కాళ్లలో, పొట్ట కింద వాపు కనిపిస్తే, బద్ధకం అనుకుని ట్రైనింగ్ పెంచకండి, రక్తపరీక్ష చేయించండి. మీ షెడ్డులో నేల మట్టిదా, బండలదా, ఎంత వెడల్పు ఉందో రాస్తే, లోపల ఏయే పనులు వీలవుతాయో ఇంకా వివరంగా చెబుతాను.