కొత్తగా చేరిన టీచరు సంఘంలో సభ్యత్వం తీసుకోవాలా?

ప్రశ్న: 2025 మెగా డీఎస్సీలో ఎస్జీటీగా (ప్రాథమిక తరగతుల టీచరుగా) ఎంపికై చేరాను. మా మండలంలో మూడు ఉపాధ్యాయ సంఘాలవారు సభ్యత్వ పుస్తకాలు పట్టుకుని వచ్చారు. జీతాలు, బదిలీలు తప్ప పిల్లల గురించి, బడి గురించి వీళ్లు ఏమైనా పట్టించుకుంటారా?

జవాబు:

చేరండి. ఎందులో అన్నది మాత్రం నేను చెప్పను. యూటీఎఫ్, ఎస్టీయూ, పీఆర్టీయూ, ఏపీటీఎఫ్ అన్నీ మన ఆంధ్రప్రదేశ్‌లో పాతుకుపోయినవే. ఒక్కో మండలంలో ఒక్కోటి గట్టిగా ఉంటుంది. ఒకదానిలో మండల బాధ్యుడిగా కొన్నేళ్లు పనిచేసినవాణ్ని కాబట్టి నా మాటల్లో పక్షపాతం కొంత ఉంటుంది. ఆ మేరకు తగ్గించుకుని చదవండి.

మీ అనుమానంలో నిజం లేకపోలేదు. బదిలీల కౌన్సెలింగ్ వచ్చిందంటే చాలు, సంఘం ఆఫీసులో పాయింట్లు, ఖాళీల జాబితా, స్పౌజ్ కేటగిరీ (భార్యాభర్తల కోటా) తప్ప వేరే మాట వినపడదు. ఆ నెలంతా పిల్లల ఊసే ఉండదు. దాన్ని నేను వెనకేసుకురాను. అయితే సిఫారసు ఉత్తరాలతో దొడ్డిదారిన జరిగే బదిలీలను చూసినవాళ్లకు, 2025లో బదిలీలకంటూ ఒక చట్టం వచ్చినప్పుడు ఎంత ఊరట కలిగిందో కొత్తవారికి తెలియదు.

సంఘం అసలు పని ధర్నా చౌకులో కాదు, ఎంఈవో (మండల విద్యాధికారి) కార్యాలయంలో కనపడుతుంది. మా మండలంలో ఒక టీచరమ్మ ప్రసూతి సెలవు ముగించుకుని విధుల్లో చేరితే, సెలవు కాలపు జీతం రాలేదు. సెలవు మంజూరు చేసిన ఉత్తర్వులు ఉన్నాయి, సర్వీసు రిజిస్టరులో నమోదు లేదు. నమోదు లేదు గనుక బిల్లు పెట్టలేదు. అడిగితే ట్రెజరీకి వెళ్లమన్నారు, ట్రెజరీవాళ్లు బిల్లే రాలేదన్నారు. చంటిబిడ్డను ఎత్తుకుని ఆమె ఎన్నిసార్లు తిరగాలి? చివరికి మా మండల కార్యదర్శి వెళ్లి, అట్ట ఊడిపోయి దారంతో కట్టి ఉన్న ఆ రిజిస్టరు తీయించి, పేజీ తిప్పి, "ఇక్కడ రాయండి, ఇక్కడ సార్ సంతకం" అని వేలు పెట్టి చూపించాడు. అక్కడ నినాదాలేమీ లేవు. నిబంధనలు తెలిసిన మనిషి పని అయ్యేదాకా కుర్చీలోంచి లేవలేదు, అంతే. తర్వాతి నెలలో జీతం పడింది. మీకూ ఇంక్రిమెంటో, సరెండర్ లీవో (వాడని సెలవుకు వచ్చే డబ్బు), మెడికల్ బిల్లో ఎక్కడో ఒకచోట ఇరుక్కోక తప్పదు.

ఇక పిల్లల సంగతి. 2022 జూన్‌లో వచ్చిన 117 జీవో గుర్తుందా? 3, 4, 5 తరగతులను దగ్గర్లోని హైస్కూళ్లకు తరలించారు. ఎన్నో ప్రాథమిక బడుల్లో ఒకటి, రెండు తరగతులు, ఒక్క టీచరు మిగిలారు. అప్పుడు మేం జిల్లా కేంద్రంలో వినతిపత్రం ఇచ్చి ఊరుకోలేదు, సాయంత్రాలు ఊళ్లలో తల్లిదండ్రులతో కూర్చున్నాం. ఒక ఊళ్లో రచ్చబండ దగ్గర ఒక తండ్రి ముఖం మీదే అన్నాడు: "మీ పోస్టులు పోతాయని మీ బాధ, మా పేరు చెప్పుకుంటున్నారు." మా వాళ్లలో ఒకరిద్దరికి కోపం వచ్చింది. పెద్దాయన ఒకరు మాత్రం నెమ్మదిగా, "అవును, పోస్టులు పోతాయి. పోస్టు పోయాక మీ ఊళ్లో బడి ఎన్నాళ్లు ఉంటుందో మీరే చెప్పండి" అన్నారు. ఎనిమిదేళ్ల పిల్ల పెద్ద రోడ్డు దాటి నడిచి వెళ్లాలా, ఇంటి ముందుకు వచ్చే ప్రైవేటు బడి బస్సు ఎక్కాలా అన్న లెక్క ఆ తండ్రికి మాకంటే బాగా తెలుసు. అక్కడినుంచి మాటలు కలిశాయి. ఆ వేసవి తర్వాత రాష్ట్రంలో చాలా ఊళ్లలో తల్లిదండ్రులే విలీనం వద్దని బడుల ముందు నిలబడ్డారు. 2025లో ఆ జీవో రద్దయి, తరగతికొక టీచరు ఉండే మోడల్ ప్రైమరీ బడులు వచ్చాయి. వాటి మీదా సంఘాలకు అభ్యంతరాలున్నాయి. ఈలోగా ప్రైవేటుకు వెళ్లిన పిల్లల్లో మా ఊరివాళ్లు చాలామంది తిరిగి రానేలేదు.

బోధనేతర పనుల గొడవ కూడా అలాంటిదే. జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప వేరే పనికి టీచరును వాడకూడదని 2009 విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. అయినా 2020 మేలో విశాఖ జిల్లాలో మద్యం దుకాణాల దగ్గర జనాన్ని వరసలో నిలబెట్టడానికి టీచర్లకు డ్యూటీ వేశారు! ఆ తర్వాత మరుగుదొడ్ల ఫొటోలు తీసి యాప్‌లో పెట్టే పని వచ్చింది. ఫోను పట్టుకుని తిరిగిన ప్రతి గంటా పాఠంలోంచి పోయిన గంటే. ఒంటరి టీచరు ఇలాంటి పని చేయనంటే మెమో వస్తుంది. అదే మాట సంఘం అంటే చర్చకు పిలుస్తారు.

టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) విషయంలో మాత్రం మా వాళ్లతో నాకు పేచీ ఉంది. అయిదేళ్లకు మించి సర్వీసు మిగిలిన టీచర్లందరూ రెండేళ్లలో టెట్ పాస్ కావాలని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పాతికేళ్లుగా పాఠం చెబుతున్నవారికి ఇప్పుడీ పరీక్ష అన్యాయమే. కోర్టునూ కేంద్రాన్నీ మినహాయింపు అడగాల్సిందే. కానీ అడుగుతూనే శిక్షణ తరగతులు కూడా పెట్టాలని నేనంటాను. కోర్టునూ కేంద్రాన్నీ నమ్ముకుని చదవడం మానేస్తే నష్టపోయేది నాయకులు కారు. మీరు టెట్ గట్టెక్కి వచ్చినవారు, మీకా బెంగ లేదు.

ఒక మాట మీకు ఎవరూ చెప్పరు. శాసనమండలి ఉపాధ్యాయ నియోజకవర్గంలో ఎస్జీటీలకు ఓటు లేదు, హైస్కూలు, ఆపై స్థాయి టీచర్లకే ఉంది. అందువల్ల సంఘాల్లో స్కూల్ అసిస్టెంట్ల (హైస్కూలు సబ్జెక్టు టీచర్ల) మాటకు ఉన్న బరువు మీ మాటకు ఉండదు. రేపు సభ్యత్వ పుస్తకం తెచ్చినవారిని సూటిగా అడగండి: మీ మండల కార్యవర్గంలో ఎస్జీటీలు ఎంతమంది, మహిళలు ఎంతమంది? మండల మహాసభలో జమాఖర్చులు చదువుతారా? ఆ తర్వాత మీ స్కూల్ కాంప్లెక్సులోని (చుట్టుపక్కల బడుల సముదాయంలోని) సీనియర్లను, బిల్లు ఆగితే ముందుగా ఎవరికి ఫోను చేస్తారో అడగండి. ఎక్కువమంది ఏ పేరు చెబితే ఆ సంఘంలో చేరండి. చందా పెద్ద మొత్తమేమీ కాదు, రసీదు మాత్రం అడిగి తీసుకోండి.