మెడనొప్పికి కుర్చీ మార్చాలా? ముందు మోచేతి ఎత్తు కొలవండి

రోజంతా ల్యాప్‌టాప్ మీద పని చేస్తాననీ, సాయంత్రానికి మెడ, కుడి భుజం, మణికట్టు నొప్పి పెడుతున్నాయనీ, ఖరీదైన కుర్చీ కొంటే తగ్గుతుందా అనీ అడిగారు. కుర్చీ విషయంలో తొందరపడకండి. ఏళ్ల తరబడి అనువాదాలు చేస్తూ కంప్యూటర్ ముందే కూర్చునే మనిషిగా చెబుతున్నాను: మీరు చెప్పిన మూడు నొప్పులకూ కుర్చీ కంటే ముందు ల్యాప్‌టాప్‌ని అనుమానించాలి.

ల్యాప్‌టాప్‌లో తెర, కీబోర్డు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. చేతులకు అనువైన ఎత్తులో పెడితే తల వంగుతుంది. కళ్లకు అనువుగా ఎత్తితే భుజాలు పైకి లేస్తాయి. మనిషి తల బరువు సుమారు 5 కిలోలు. నిటారుగా కూర్చుంటే ఆ బరువును వెన్నెముక మోస్తుంది, ముందుకు వంచినకొద్దీ మెడ వెనక కండరాల మీద పడుతుంది. కాబట్టి మొదట కొనవలసినవి విడి కీబోర్డు, విడి మౌస్. ల్యాప్‌టాప్‌ని ఎత్తడానికి స్టాండే అక్కర్లేదు, కదలని గట్టి పెట్టె అయినా చాలు.

ఇక అమరిక. చాలామంది తెరతో మొదలుపెట్టి, దానికి తగ్గట్టు ఒంటిని సర్దుకుంటారు. నేను మోచేతి దగ్గర మొదలుపెడతాను. పాదాలు నేలకు పూర్తిగా ఆనేలా కూర్చుని, భుజాలు వదులుగా వదిలేసి, మోచేతులను పక్కటెముకల దగ్గర ఉంచి, ముంజేతులను నేలకు సమాంతరంగా చాపండి. ఇంట్లో ఎవరినైనా పిలిచి, నేల నుంచి మోచేయి దాకా టేపుతో కొలవమనండి. కీబోర్డు ఉండవలసింది ఆ ఎత్తులోనే. నాకు 64 సెంటీమీటర్లు వచ్చింది. మామూలు బల్లలు 72 నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తుంటాయి, అవి కాస్త పొడుగు మనుషులకే సరిపోతాయి. మిగతా వాళ్లందరం ఆ తేడాను భుజాలు ఎగదోసి పూడ్చుకుంటున్నామన్నమాట. టైపు చేసేటప్పుడు భుజాలు చెవుల వైపు లేస్తున్నాయేమో ఒకసారి గమనించండి.

బల్ల కాళ్లు కోయించలేం కాబట్టి కుర్చీని పైకి లేపాలి. లేపితే కాళ్లు వేలాడతాయి. కుర్చీ అంచు తొడల కింద నొక్కి తిమ్మిరెక్కుతుంది. అందుకే నా బల్ల కింద ఎప్పుడూ ఒక చెక్కపీట ఉంటుంది. చూసినవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. కుర్చీ అంచుకూ మోకాలి వెనక భాగానికీ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. కూర్చునే భాగం మరీ లోతుగా ఉంటే నడుము వెనక చిన్న దిండు పెట్టుకోండి.

మీ కుడి భుజం సంగతి. విడి కీబోర్డు కొనబోతున్నారు కాబట్టి ముందే చెబుతున్నాను. పూర్తి సైజు కీబోర్డుకు కుడి చివర అంకెల భాగం ఉంటుంది. మౌస్ దాని అవతల ఉండక తప్పదు కాబట్టి కుడి చెయ్యి రోజంతా పక్కకు చాచే ఉంటుంది. లెక్కల పని లేకపోతే ఆ భాగం లేని కీబోర్డు తీసుకోండి. లెక్కల పని ఉంటే అంకెల మీటలు మాత్రమే విడిగా దొరుకుతాయి, వాటిని ఎడమ పక్కన పెట్టుకోవచ్చు. మీటల్లో జి, హెచ్ అక్షరాల మధ్య గీత మీ బొడ్డుకు ఎదురుగా రావాలి. చాలామంది కీబోర్డు పలకనంతటినీ మధ్యకు సర్దుతారు, దాంతో చేతులు రెండూ ఎడమ వైపుకు ఒరుగుతాయి.

కీబోర్డు కింద వెనక వైపు రెండు చిన్న కాళ్లుంటాయి చూడండి, వాటిని మడిచేయండి. అవి తెరిచి ఉంటే మీటలు చూడటానికి బాగానే ఉంటాయి కానీ మణికట్టు పైకి వంగుతుంది. అలా వంగినప్పుడు మణికట్టు లోపలి ఇరుకు దారిలో వెళ్లే నరం మీద ఒత్తిడి పెరుగుతుంది. మణికట్టు కింద పెట్టే మెత్త టైపింగు ఆపినప్పుడు చేతులు ఆన్చడానికే. దాని మీద మణికట్టు నొక్కిపెట్టి టైపు చేస్తే పెట్టుకోకపోవడమే నయం. సాయంత్రం ముంజేతి అడుగున ఎర్రటి గీత కనిపిస్తే అది బల్ల అంచు ముద్ర. అక్కడ మెత్తటి గుడ్డ మడతపెట్టినా సరిపోతుంది.

తెర చేయి చాచినంత దూరంలో, పై అంచు కళ్ల ఎత్తులో లేదా కాస్త కిందుగా ఉండాలి. బైఫోకల్, ప్రోగ్రెసివ్ కళ్లద్దాలు వాడేవాళ్లకు ఇది కుదరదు, అద్దం కింది భాగంలోంచి చూడటానికి గడ్డం పైకెత్తుతారు. వాళ్లు తెరను ఇంకా దించాలి. చదవడానికి ముందుకు వంగుతున్నారంటే అక్షరాల సైజు పెంచండి. కిటికీ పక్కన ఉండాలి, ఎదురుగానో వెనకో కాదు. తెర చూసేటప్పుడు రెప్పలు వేయడం తగ్గి కళ్లు పొడిబారతాయి కాబట్టి, 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడమంటారు. నేను గడియారం పెట్టుకోను, ఒక పేరా పూర్తయినప్పుడల్లా కిటికీలోంచి చూస్తాను.

నిలబడి పనిచేసే బల్ల గురించి కూడా ఎవరో ఒకరు చెబుతారు. రోజంతా నిలబడినా నడుము, పాదాలు పీకుతాయి. కూర్చోవడం, నిలబడటం మార్చి మార్చి చేయడానికైతే మంచిదే. లేవడం మరిచిపోయే వాళ్లకు నా ఉపాయం ఒకటుంది: బల్ల మీద నీళ్ల సీసా కాకుండా చిన్న గ్లాసు పెట్టుకోండి, నింపుకోవడానికైనా లేస్తారు.

ఇదంతా చేశాక కూడా కుర్చీ కొనాలనిపిస్తే ఎత్తు మారేదీ, నడుముకు ఆనేదీ చూసుకోండి. కుర్చీ చేతులు (ఆర్మ్‌రెస్టులు) బల్లకు తగిలి మిమ్మల్ని వెనక్కి నెట్టకూడదు. నా కుర్చీకి వాటిని ఊడదీసేశాను.

ఒక్క విషయంలో మాత్రం సర్దుబాట్లతో కాలయాపన చేయకండి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కడం, ఆ తిమ్మిరితో రాత్రి మెలకువ రావడం, పట్టుకున్న వస్తువు జారిపోవడం లాంటివి ఉంటే పీటా కీబోర్డూ తరువాత చూసుకోవచ్చు, ముందు డాక్టరుకు చూపించుకోండి.