డౌన్ సిండ్రోమ్‌కు మేనరికమే కారణమా? జన్యు వ్యాధుల పాఠం పిల్లలకు ఎలా చెప్పాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నేను గాజువాకలో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. సెకండియర్ పిల్లలకు జన్యు వ్యాధులు, క్రోమోజోముల లోపాల పాఠం ఈ మధ్యే మొదలుపెట్టాను. డౌన్ సిండ్రోమ్ లక్షణాలు బోర్డు మీద రాస్తుంటే ఒక అబ్బాయి లేచి, ‘మేనరికం చేసుకుంటే ఇలాంటి పిల్లలే పుడతారు కదా సార్’ అన్నాడు. అదే క్లాసులో ఒక అమ్మాయి తమ్ముడికి డౌన్ సిండ్రోమ్ ఉంది. వాళ్ల అమ్మానాన్నలది మేనరికమే. ఆ పిల్ల ఏడ్చేసింది. తర్వాత నా దగ్గరికి వచ్చి, ‘రేపు నాకు పుట్టే పిల్లలకూ ఇలాగే అవుతుందా సార్’ అని అడిగింది. ఏం చెప్పాలో తోచలేదు. మా హాస్టల్లో పాడేరు, అరకు వైపు పిల్లలు కూడా ఉన్నారు. సికిల్ సెల్ రక్త వ్యాధి గురించి ఇంకా చెప్పాల్సి ఉంది. మళ్లీ ఎవరినైనా నొప్పిస్తానేమోనని టెన్షన్‌గా ఉంది. బ్లడ్ గ్రూపులు, కలర్ బ్లైండ్‌నెస్ పరీక్షలతో పిల్లల చేత ప్రాజెక్టు చేయించవచ్చా?
– ఒక లెక్చరర్, విశాఖపట్నం

డాక్టర్ సలహా: మాస్టారూ, ముందు ఆ అమ్మాయి సంగతి చూద్దాం. ఆ అబ్బాయి అన్నది తప్పు. తర్వాతి క్లాసులోనే, ఎవరి పేరూ ఎత్తకుండా, ఆ మాట సరిదిద్దండి. ఆలస్యమైతే మిగతా పిల్లలు కూడా అదే నిజమనుకుని ఇళ్లకు మోసుకెళ్తారు.

డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉంటాయని 1959లో ఫ్రాన్స్‌లో లెజూన్ అనే వైద్యుడి బృందం తేల్చింది. మనిషికి 46 క్రోమోజోములని ఖాయమైంది అంతకు మూడేళ్ల ముందే. వంద మంది డౌన్ పిల్లల్లో సుమారు 95 మందికి ఈ అదనపు క్రోమోజోము ఒక పొరపాటు వల్ల వస్తుంది. పేకముక్కలు పంచేటప్పుడు రెండు ముక్కలు అతుక్కుని ఒకరి చేతికే వెళ్లినట్టు, అండం గానీ వీర్యకణం గానీ తయారయ్యేటప్పుడు జతగా ఉన్న రెండు క్రోమోజోములు విడిపోకుండా ఒకే కణంలోకి చేరిపోతాయి. పంచినవారి తప్పేమీ లేదు. ఎక్కువసార్లు ఇది అండంలోనే జరుగుతుంది. ఆడపిల్ల తల్లి కడుపులో ఉండగానే ఆమె అండాల్లో విభజన మొదలై, మధ్యలో ఆగి, ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. అందుకే తల్లి వయసు పెరిగేకొద్దీ అవకాశం పెరుగుతుంది. పాతికేళ్ల వయసులో సుమారు 1,200 కాన్పులకు ఒకటి, 35 ఏళ్లకు 350కి ఒకటి, 40 ఏళ్లకు వందకు ఒకటి. కానీ పిల్లల్ని కనేది ఎక్కువగా చిన్న వయసు తల్లులే కాబట్టి, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో చాలామంది అమ్మలు 35 దాటనివాళ్లే. ఈ లెక్క కూడా తప్పకుండా చెప్పండి. లేకపోతే మేనరికం మీద నుంచి తీసేసిన నింద తల్లి వయసు మీద పడుతుంది. తల్లి గ్రహణం చూసిందనో, ఏదో తిందనో అనే మాటలకు కూడా ఆధారం లేదు.

మరి మేనరికంతో ఏ ఇబ్బందీ లేదా అంటే, ఉంది. అది వేరే రకం. మనలో ప్రతి ఒక్కరిలోనూ పైకి కనిపించని లోపపు జన్యువులు కొన్ని ఉంటాయి. జతలో రెండోది బాగుంటే వాటివల్ల ఏమీ కాదు. మేనత్త కొడుకు, మేనమామ కూతురు అయిన ఇద్దరి జన్యువుల్లో ఎనిమిదో వంతు ఉమ్మడివి. మేనమామ, మేనకోడలికైతే నాలుగో వంతు. కాబట్టి ఒకే లోపం ఇద్దరి దగ్గరా ఉండి, రెండూ బిడ్డకు చేరే అవకాశం పెరుగుతుంది. తలసీమియా, కొన్ని రకాల పుట్టు చెవుడు, ఎంజైమ్ లోపాలు ఇలా వస్తాయి. సంఖ్యల్లో చెప్పాలంటే, బంధుత్వం లేని దంపతులకు పుట్టే వంద మందిలో ఇద్దరు ముగ్గురికి పుట్టుకతో ఏదో ఒక పెద్ద సమస్య ఉంటుంది. మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లయితే దానికి మరో ఇద్దరు ముగ్గురు కలుస్తారు. మేనమామతో పెళ్లయితే ఇంకాస్త ఎక్కువ. దగ్గర సంబంధం వద్దని నేను కూడా సలహా ఇస్తాను. కానీ మీ క్లాసులో మేనరికం ఇళ్ల పిల్లలు కచ్చితంగా ఉంటారు, వాళ్లలో ఎక్కువమంది ఆరోగ్యంగానే ఉంటారు. రెండో మాట చెప్పకుండా మొదటిదే చెబితే అది పాఠం కాదు, బెదిరింపు.

ఇక ఆ అమ్మాయి అడిగినదానికి జవాబు వాళ్ల తమ్ముడి కార్యోటైప్ రిపోర్టులో, అంటే రక్తంతో క్రోమోజోములను చూసే పరీక్ష రిపోర్టులో ఉంటుంది. పుట్టినప్పుడు చేయించి ఉంటే ఆ కాగితం వెతికించండి. మామూలు ట్రైసోమీ 21 (21వ క్రోమోజోము విడిగా మూడు ఉండటం) అని ఉంటే, అక్కకు పుట్టబోయే పిల్లలకు దానివల్ల ప్రత్యేకంగా పెరిగే ముప్పేమీ లేదు. మూడు నాలుగు శాతం మందిలో మాత్రం అదనపు ముక్క మరో క్రోమోజోముకు అతుక్కుని ఉంటుంది, దీన్ని ట్రాన్స్‌లొకేషన్ అంటారు. రిపోర్టులో అలా ఉంటే అమ్మానాన్నలకు పరీక్ష చేయాలి. వాళ్లలో ఒకరికి ఆ అతుకు ఉంటేనే ఈ అమ్మాయికి కూడా పరీక్ష అవసరం. అదీ ఇప్పుడే కాదు, పెళ్లి నాటికి చేయించుకున్నా సరిపోతుంది. రిపోర్టే లేకపోతే తమ్ముడికి ఇప్పుడు చేయించవచ్చు, కాస్త రక్తం ఇస్తే చాలు. ఆ బాబుకు గుండె ఎకో అయిందో లేదో, ఏటా థైరాయిడ్ పరీక్ష చేయిస్తున్నారో లేదో కూడా కనుక్కోండి. ఈ పిల్లల్లో దాదాపు సగం మందికి గుండెలో లోపం ఉంటుంది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఈ పరీక్షలకు ఉచితంగా దారి చూపిస్తారు.

పాఠం సంగతికి వస్తే, లక్షణాల జాబితాతో మొదలుపెట్టకండి. పొట్టిగా ఉంటారు, నాలుక బయటికి ఉంటుంది అని బోర్డు మీద వరసగా రాస్తే పిల్లలు మనిషిని వదిలేసి వింతను చూస్తారు. పరీక్షలో మార్కుల కోసం అవి రాయాల్సిందే, కాదనను. అవి చివర్లో చెప్పండి. ముందు కణ విభజన, తర్వాత పొరపాటు ఎక్కడ జరుగుతుందో, ఆ తర్వాత ఆ పిల్లలు ఇప్పుడు ఎలా బతుకుతున్నారో చెప్పండి. బడికి వెళ్తున్నారు, పనులు నేర్చుకుంటున్నారు, మంచి వైద్యం అందే దేశాల్లో సగటున 60 ఏళ్ల దాకా జీవిస్తున్నారు.

అమ్మానాన్నలిద్దరూ ఒకే లోపపు జన్యువును పైకి కనిపించకుండా మోసే క్యారియర్లైతే, ప్రతి కాన్పులో బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఈ లెక్కను పిల్లలు దాదాపు ఎప్పుడూ తప్పుగానే అర్థం చేసుకుంటారు. నలుగురు పుడితే ఒకరికి వచ్చి తీరుతుందని, ఒకరికి వచ్చేస్తే మిగతా ముగ్గురూ క్షేమమని అనుకుంటారు. పెళ్లయ్యాక ఇదే నమ్మకంతో రెండో బిడ్డను కని బాధపడేవాళ్లున్నారు. అందుకే దీనికి ఒక పీరియడ్ మొత్తం ఇవ్వండి. ఇద్దరేసి పిల్లల్ని కూర్చోబెట్టి చెరో రూపాయి బిళ్ల ఇవ్వండి. బొరుసు పడితే లోపపు జన్యువు. రెండూ బొరుసైతే బిడ్డకు వ్యాధి, ఒక్కటే బొరుసైతే క్యారియర్. నాలుగుసార్లు ఎగరేస్తే నలుగురు పిల్లల కుటుంబం. ముప్పై జట్లు ఆడితే సుమారు పది జట్లకు వ్యాధి ఉన్న బిడ్డ ఒక్కరూ రారు, కొన్ని జట్లకు ఇద్దరు వస్తారు. ‘మా వంశంలో ఎవరికీ లేదే’ అనే ఇళ్లలోకి ఇలాంటి వ్యాధి ఎలా వస్తుందో అప్పుడు వాళ్లకే తెలుస్తుంది. వంశవృక్షం గీయించాలంటే కల్పిత కుటుంబాలతోనే గీయించండి. సొంత ఇంటిది హోంవర్కుగా ఇవ్వకండి.

ఇదే కారణంతో ప్రాజెక్టు కూడా వద్దంటాను. అమ్మానాన్నల బ్లడ్ గ్రూపులు రాసుకు రమ్మంటే, ఏదో ఒక ఇంట్లో లెక్క కుదరదు. దత్తత గానీ, ఇంకేదైనా గానీ, ఆ నిజం బయటపడాల్సిన చోటు తరగతి గది కాదు. కలర్ బ్లైండ్‌నెస్ పరీక్షకు వాడే రంగుల చార్టు అందరి ముందూ చదివించడం మరీ ప్రమాదం. మన ఊళ్లో నేవీ, రైల్వే, మర్చంట్ నేవీ ఉద్యోగాల మీద ఆశ పెట్టుకున్న అబ్బాయిలు ఎంతమందో మీకు తెలుసు. వాటిలో చాలా ఉద్యోగాలకు రంగుల చూపు తప్పనిసరి. ఎక్స్ క్రోమోజోము ద్వారా వచ్చే లోపం కాబట్టి అది మగపిల్లల్లోనే ఎక్కువ. తనకా లోపం ఉందని ఒక కుర్రాడు స్నేహితుల ముందు తెలుసుకోకూడదు. కావాలనుకున్నవాళ్లు కంటి డాక్టరు దగ్గర విడిగా చేయించుకోవాలి. ఇంటర్ అయ్యేలోపే చేయించుకుంటే వేరే దారి చూసుకునే సమయం ఉంటుంది, ఆ మాట మాత్రం అందరికీ చెప్పండి.

టర్నర్ (అమ్మాయిల్లో ఒక ఎక్స్ క్రోమోజోము లోపించడం), క్లైన్‌ఫెల్టర్ (అబ్బాయిల్లో ఒక ఎక్స్ క్రోమోజోము ఎక్కువ ఉండటం) పాఠాలప్పుడు కూడా జాగ్రత్త. క్లైన్‌ఫెల్టర్ సుమారు 600 మంది మగపిల్లల్లో ఒకరికి ఉంటుంది, చాలామందికి పెద్దయ్యేదాకా తెలియనే తెలియదు. పదిహేనేళ్లు నిండినా రజస్వల కాని అమ్మాయి ఉంటే, మీ లేడీ లెక్చరర్ చేత విడిగా చెప్పించి డాక్టరుకు చూపించమనండి.

సికిల్ సెల్‌కు వస్తే, ‘మీలో ఎవరికుంది’ అని అడగకండి, పాడేరు పిల్లల వైపు చూడకండి కూడా. 11వ క్రోమోజోము మీది ఒక జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారితే, హిమోగ్లోబిన్‌లో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ వస్తుంది. జతలో రెండు జన్యువులూ అలా మారితే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోతాయి, అదే ఈ వ్యాధి. ఒక్క జన్యువే మారినవారికి మలేరియా నుంచి కొంత రక్షణ దొరుకుతుంది. మలేరియా తిష్ట వేసిన అడవుల్లో తరతరాలుగా ఇది నిలిచిపోవడానికి కారణం అదే. ఆఫ్రికాలోనూ, అరబ్ దేశాల్లోనూ ఇదే కథ. ఏజెన్సీ పిల్లలకు ఇది తలెత్తుకుని వినాల్సిన పాఠం. కేంద్రం 2023 జూలై 1న మొదలుపెట్టిన సికిల్ సెల్ మిషన్‌లో గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు వారికి ఉచితంగా పరీక్ష చేసి కార్డు ఇస్తున్నారు. ట్రెయిట్ అని, అంటే ఒక్క జన్యువే మారిందని వస్తే సాధారణంగా మందులు అక్కర్లేదు, పెళ్లికి ముందు అవతలి వాళ్ల కార్డు కూడా చూసుకుంటే చాలు.

వ్యాధే ఉన్న పిల్లలెవరైనా హాస్టల్లో ఉంటే, ఇంట్లోవాళ్ల అనుమతితో వార్డెన్‌కు మాత్రం తెలియాలి. నీళ్లు బాగా తాగనివ్వాలి, చలిలో తడవనివ్వకూడదు, ఒంట్లో బాగోలేనప్పుడు పరుగులు పెట్టించకూడదు. రోజూ వేసుకునే హైడ్రాక్సీయూరియా, ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఆపకూడదు. జ్వరం 101 దాటినా, ఛాతీలో నొప్పి లేదా ఆయాసం వచ్చినా, కాలూ చెయ్యీ పట్టు తప్పినా పారాసిటమాల్ ఇచ్చి తెల్లవారేదాకా ఆగకండి. అప్పటికప్పుడు కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రికి తీసుకెళ్లి, సికిల్ సెల్ ఉందని క్యాజువాలిటీలో ముందే చెప్పండి.