ఆ వాల్యూ ఎప్పుడు చదువుతున్నావు?

కూకట్‌పల్లి, హైదరాబాద్

బుజ్జీ,

మొన్న ఆదివారం అడిగావు కదా, "మామయ్యా, సర్వర్‌లో ఫైలు మార్చినా యాప్ పాత వాల్యూనే పట్టుకుని కూర్చుంది, ఏం చెయ్యను" అని. భోజనాల దగ్గర సగమే చెప్పాను. మిగతాది రాస్తున్నాను.

కాన్ఫిగ్ (యాప్ నడవడానికి కావాల్సిన సెట్టింగులు) ఎక్కడ పెట్టాలన్న దాని మీద టీముల్లో గంటలకొద్దీ వాదించుకుంటారు. ముందు తేల్చుకోవలసింది దాన్ని ఎప్పుడు చదువుతున్నామన్నది. పైథాన్‌లో సెట్టింగ్స్ మాడ్యూల్ మొదటిసారి ఇంపోర్ట్ అయినప్పుడు ఒక్కసారే నడుస్తుంది. అప్పుడు తీసుకున్న వాల్యూయే ఆ ప్రాసెస్ ఆగేదాకా ఉంటుంది. ఫంక్షన్‌కి డిఫాల్ట్‌గా ఇచ్చిన టైమౌట్ కూడా అంతే, ఫంక్షన్‌ను నిర్వచించే డెఫ్ లైను నడిచినప్పుడే ఖాయమైపోతుంది. ఇక టెర్మినల్‌లో ఎన్ని ఎక్స్‌పోర్ట్‌లు కొట్టినా నడుస్తున్న ప్రాసెస్‌కి వినిపించదు. నీకు జరిగింది ఇదే, రీస్టార్ట్ చెయ్యి.

అసలు మారకపోతే నయం, వెంటనే తెలిసిపోతుంది. సగం మారితేనే నరకం. మాదాపూర్‌లో పనిచేసే రోజుల్లో పేమెంట్ యూఆర్‌ఎల్ అర్ధరాత్రి నుంచి మారుతుందని చెప్పారు. నేను సాయంత్రమే, సెట్టింగులు ఉండే డాట్ ఈఎన్‌వీ (.env) ఫైలులో కొత్తది రాసిపెట్టాను, రీస్టార్ట్ అర్ధరాత్రి చేద్దామని. ఎనిమిదింటికల్లా ఫోన్లు మొదలయ్యాయి. ఒకరికి పేమెంట్ వెళ్తోంది, ఇంకొకరికి ఫెయిల్. యాప్‌ను నడిపే గునికార్న్ సర్వర్‌లో నాలుగు వర్కర్లు, అంటే అదే యాప్‌ను విడివిడిగా నడిపే నాలుగు ప్రాసెస్‌లు. ఇన్ని రిక్వెస్టులయ్యాక వర్కర్‌ను మార్చెయ్యమని మేమే సెట్ చేసుకున్నాం. ప్రీలోడ్ (యాప్‌ను ముందే ఒకసారి లోడ్ చేసి వర్కర్లన్నిటికీ పంచడం) లేదు కాబట్టి కొత్తగా పుట్టిన వర్కర్ యాప్‌ను మళ్లీ ఇంపోర్ట్ చేసి, ఇంకా పనిచెయ్యని కొత్త యూఆర్‌ఎల్‌ను చదివేసుకుంది. మిగతా మూడూ పాతదాని మీదే ఉన్నాయి. ఇది తట్టడానికి రెండు గంటలు పట్టింది. ఆ రాత్రి నుంచి ఫైలు మార్చడం, రీస్టార్ట్ చెయ్యడం నాకు ఒకే పని, మధ్యలో టీ కూడా తాగను.

స్టార్టప్‌లోనే అన్ని వాల్యూలూ ఒకే చోట చదివి, సరిచూసి, ఏదైనా తప్పుంటే యాప్‌ను లేవనివ్వకు. ఎన్విరాన్‌మెంట్ (ప్రాసెస్‌కి బయటి నుంచి అందే వాల్యూలు) నుంచి వచ్చేదంతా స్ట్రింగే, అంటే ఉత్త అక్షరాలే. డీబగ్‌కి "ఫాల్స్" అని రాసి దాన్ని బూల్ (ట్రూ లేదా ఫాల్స్‌గా మార్చే ఫంక్షన్) లో వేస్తే ట్రూ వస్తుంది, ఎందుకంటే ఖాళీ కాని స్ట్రింగ్ ఏదైనా ట్రూయే. పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో అలా డీబగ్ ఆన్ అయిపోతే లోపలి ట్రేస్‌బ్యాక్ (ఎర్రర్ ఏ కోడ్ లైన్లలో వచ్చిందో చూపే వివరం) అంతా కస్టమర్ స్క్రీన్ మీద పడుతుంది. తప్పనిసరి సెట్టింగ్ కీని గెట్‌తో తీసుకోకు. లేనప్పుడు నన్ (None, అంటే ఏమీ లేదని) ఇచ్చి ఊరుకుంటుంది, ఎప్పుడో రాత్రి రెండింటికి ఇంకెక్కడో పేలుతుంది. స్క్వేర్ బ్రాకెట్లతో తీసుకుంటే కీఎర్రర్ అక్కడికక్కడే వస్తుంది.

నడుస్తుండగా మారాల్సినవి కొన్ని నిజంగానే ఉంటాయి: డెలివరీ చార్జీ, ఒక ఫీచర్ ఆన్ ఆఫ్ లాంటివి. వాటి కోసం సెట్టింగ్స్ ఆబ్జెక్ట్‌ను ముట్టుకోకు. రన్‌టైమ్‌లో మార్చొద్దని జాంగో డాక్యుమెంటేషనే చెబుతుంది. పైగా ఒక వర్కర్ మెమరీలో మార్చింది పక్క వర్కర్‌కి తెలియదు. డేటాబేస్ టేబుల్లోనో, మెమరీలో డేటా ఉంచే రెడిస్‌లోనో పెట్టి, వాడే చోట చదువు. ముప్పై సెకన్ల క్యాష్ (చదివిన వాల్యూను కాసేపు దాచుకోవడం) పెట్టుకున్నా పరవాలేదు. అయితే ఒక రిక్వెస్ట్ మొదట్లో చదివిన చార్జీనే ఆ రిక్వెస్ట్ చివరిదాకా వాడు. లేకపోతే కార్ట్‌లో ఒక రేటు, బిల్లులో ఒక రేటు పడుతుంది. ఎవరు ఎప్పుడు మార్చారో కూడా రాసిపెట్టు.

మీ పక్క టీము లారవెల్ (పీహెచ్‌పీ వెబ్ ఫ్రేమ్‌వర్క్) అన్నావు కదా, వాళ్లకీ ఒక మాట చెప్పు. కాన్ఫిగ్ క్యాష్ చేశాక లారవెల్ డాట్ ఈఎన్‌వీ ఫైలును లోడ్ చెయ్యదు. అందుకే ఎన్వ్ ఫంక్షన్‌ను కాన్ఫిగ్ ఫైళ్లలో తప్ప బయట వాడకూడదు.

ఆదివారం వచ్చేటప్పుడు మీ సెట్టింగ్స్ పేర్లన్నీ కాగితం మీద రాసుకుని రా. పాస్‌వర్డులు వద్దు, పేర్లు చాలు. ఏది రీస్టార్ట్‌తో మారాలో, ఏది నడుస్తుండగా మారాలో ఇద్దరం కూర్చుని గీత గీద్దాం.

మామయ్య