కొత్త స్పోర్ట్స్ కార్లు నిజంగా కంపెనీ చెప్పిన బరువే ఉంటాయా?

టొయోటా జీఆర్ జీటీ 1750 కిలోలు, 650 హార్స్‌పవర్ అని నువ్వు చూశావు, నీ ఫ్రెండేమో రోడ్డెక్కేసరికి రెండు టన్నులు దాటుతుందంటున్నాడు, ఎవరిది కరెక్ట్ అని అడిగావు కదా తమ్ముడూ. నాకైతే మీరిద్దరూ వేర్వేరు బరువుల గురించి వాదించుకుంటున్నట్టు అనిపిస్తోంది.

నేను నరసన్నపేట దగ్గర ఒక రైస్ మిల్లులో ఆరేళ్లు కాటా చూసుకున్నాను. ధాన్యం లారీని లోడుతో ఒకసారి, దించాక ఖాళీగా ఒకసారి కాటా వేస్తాం. ఆ ఖాళీ బండి బరువు కూడా రోజూ ఒకేలా ఉండదు. ట్యాంకులో డీజిల్ ఎంతుంది, క్లీనర్ దిగాడా లేదా, టార్పాలిన్ వానకి తడిసిందా, అన్నీ తేడా చూపిస్తాయి. ఒకసారి మా బావ కారు కూడా ఎక్కించాం. ఆర్‌సీలో 875 కిలోలు. ట్యాంకు ఫుల్లు చేసి, డిక్కీలో సామాను పెట్టి, నలుగురం కూర్చుంటే 1220. మర్నాడు అలాగే ఎస్.కోట మీదుగా అరకు వెళ్తే, బావ ఒక్కడే ఉన్నప్పుడు మూడో గేర్లో లాగేసే అనంతగిరి ఘాట్‌లో రెండో గేరు వేయాల్సి వచ్చింది, దిగేటప్పుడు బ్రేకుల నుంచి కాలిన వాసన. ఇంజిన్ అదే, రోడ్డు అదే.

కార్ల కంపెనీల లెక్కలూ ఇలాగే మారతాయి. డ్రై వెయిట్ అంటే పెట్రోలు, ఆయిలు, కూలెంట్ లేకుండా. డిన్ (జర్మనీ ప్రమాణం) లెక్కలో ట్యాంకు 90 శాతం నిండి ఉంటుంది, డ్రైవర్ ఉండడు. యూరోపియన్ యూనియన్ లెక్కలో డ్రైవర్‌కని ఇంకో 75 కిలోలు కలుపుతారు. 60 లీటర్ల పెట్రోలే దాదాపు 45 కిలోలు! అంటే ఒక్క బోల్టు మార్చకుండానే అదే కారు వంద కిలోలకు పైగా తేడా చూపిస్తుంది.

జీఆర్ జీటీ విషయానికొస్తే, 2025 డిసెంబర్‌లో ప్రోటోటైప్ చూపించినప్పుడు టొయోటా చెప్పింది "1750 కిలోలు లేదా అంతకన్నా తక్కువ", అదీ డెవలప్‌మెంట్ టార్గెట్‌గా. అల్యూమినియం ఫ్రేమ్ వాడారు కాబట్టి అసాధ్యమేమీ కాదు, కానీ 4 లీటర్ల ట్విన్ టర్బో వీ8 ఇంజిన్‌కి హైబ్రిడ్, అంటే ఎలక్ట్రిక్ మోటారు, బ్యాటరీ కూడా తోడయ్యాయి, ఆ బరువు ఎక్కడికీ పోదు.

పవర్ పెంచితే బరువు కవర్ అయిపోతుందన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. 2024లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం5 హైబ్రిడ్ చూడు, 727 హార్స్‌పవర్, 2435 కిలోలు, 0 నుంచి 100కి 3.5 సెకన్లు. దాని ముందు తరం ఎం5 కాంపిటిషన్‌కి 625 హార్స్‌పవరే, బరువు రెండు టన్నుల లోపు, టైమేమో 3.3. ఇది తిన్నగా వెళ్లేటప్పటి లెక్క. మలుపుల్లో, బ్రేకు కొట్టేటప్పుడు పడే భారం ఈ అంకెల్లో కనిపించనే కనిపించదు. ఇంకోటి, అమెరికాలో కార్లు టెస్ట్ చేసేవాళ్లు చాలామంది కారు ఒక అడుగు కదిలాకే ఈ 0 నుంచి 100 లాంటి టైమ్ లెక్క మొదలుపెడతారు, అక్కడే 0.2, 0.3 సెకన్లు కలిసొస్తాయి.

అందుకే ఎవరైనా అమ్మకానికొచ్చిన కారుని ఫుల్ ట్యాంకుతో కాటా మీద పెట్టేదాకా నేను 1750ని టార్గెట్ అనే అంటాను. నీ ఫ్రెండ్ చెప్పిన రెండు టన్నుల్లో డ్రైవర్ ఉన్నాడో లేదో కూడా అడుగు.