హిరణ్యకశిపుడు అడిగిన వరాలు

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. గాజువాకలో ఉంటున్నాము. నా దగ్గర పని నేర్చుకున్న కుర్రవాడే ఈ ఏడాది నాకు పై అధికారి అయ్యాడు. అప్పటి నుంచి నిద్ర లేదు, కారణం తెలియని భయం. భార్య మీద, కొడుకు మీద అరుస్తున్నాను. ప్రతి శనివారం సింహాచలం వెళ్తున్నా గుండెదడ తగ్గడం లేదు.

జవాబు: కారణం తెలియదన్నారు గానీ, దానిని మీరే మూడో వాక్యంలో రాశారు. మీరు కొలిచే నరసింహస్వామి కథలోనే సమాధానం వెతుకుదాం. ఇంటా బయటా, పగలూ రాత్రీ, నేల మీదా నింగిలోనా, మనిషి వల్లా మృగం వల్లా, ఏ ఆయుధం చేతా తనకు చావు రాకూడదని హిరణ్యకశిపుడు వరాలు కోరాడు. దీనిని బలవంతుడి కోరికగా చదువుతాం గానీ, నాకు మాత్రం ఇది దిక్కుదిక్కుకూ బెదిరినవాడు వేసుకున్న గడియల వరుసగా తోస్తుంది. 'నేను' అన్నది పెరిగినకొద్దీ కాపలా కాయవలసిన హద్దూ పెరుగుతుంది. లోకాలన్నీ గెలిచినా కామం, క్రోధం వంటి లోపలి ఆరుగురు శత్రువులను గెలవలేదని, వారిని గెలిస్తే ప్రాణికోటిలో విరోధే ఉండడని భాగవతం సప్తమ స్కంధంలో ప్రహ్లాదుడు తండ్రితో అంటాడు. ఆ లెక్కన ఆ కుర్రవాడు మీకు శత్రువు కాడు. నేను నేర్పినవాడు నన్ను దాటకూడదని మీరు మనసులో కోరుకున్న వరం చెల్లలేదు, అంతే.

సింహాద్రి అప్పన్న ఏడాది పొడవునా చందనం కింద ఉండి, అక్షయ తృతీయ నాడు మాత్రమే నిజరూపంలో కనిపిస్తాడు. మీకు కోపమే ఆ పూత. దాని కింది భయాన్ని మీ భార్య ఒక్కరోజైనా చూశారా? మీ ఉత్తరంలో కూడా అవమానం అన్న మాట ఎక్కడా లేదు. స్వామి వెలువడినది సంధ్యవేళ, దానవుణ్ణి కూల్చినది గడప మీద. మీరూ డ్యూటీ నుంచి వచ్చాక గడప దగ్గర కాసేపు ఆగి, లోపలికి వెళ్లి, "నాకు చిన్నతనంగా ఉంది, భయంగా ఉంది" అని ఆమెతో అనండి. మొదటిసారి గొంతు పెగలకపోవచ్చు. మరునాడు మళ్లీ ప్రయత్నించండి.

నిద్రలేమిని, గుండెదడను గుడి మీదే వదిలేయకండి. ముందు గుండె పరీక్ష చేయించుకుని, తరువాత చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో చూపించుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు. కొడుకుతో మాత్రం ఈ వారమే విడిగా కూర్చోండి. మీ ఆఫీసు సంగతుల కంటే, తన మీద ఎందుకు కేకలు వేశారన్నదే అతడికి ముందు తెలియాలి.